సంఘం చూపు



ఈ వారం ధ్యానం కొంచెం కారంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఆ కారం మొదట తగలాల్సింది నాకే. కాబట్టి నా తప్పుతోనే మొదలుపెడతాను.

రెండు నెలల కిందట ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘపెద్దల్లో ఒకాయన నన్ను వేపచెట్టు కిందికి పిలిచాడు. "అయ్యగారూ, ఆ పిల్లోనికి మీరు గట్టిగా చెప్పాల. పొద్దున లేస్తే ఫోను పట్టుకొని చేనికి పోతాడు. గుంటక తోలేది వీడియో, మందు కొట్టేది వీడియో, గట్టు మీద సద్ది తినేది వీడియో. ఇంటి గుట్టంతా బజార్లో పెడ్తాండాడు. మన సంఘం పేరు పోతాది" అన్నాడు.

ఆయన చెప్పిన పిల్లోడు మన మందిరంలో సండే స్కూలు నుంచి పెరిగిన యౌవనస్థుడు. తండ్రి పోయాక డిగ్రీ మధ్యలో ఆపి, రెండెకరాల చీనీ తోట, ఎకరన్నర బుడ్డల చేను చూసుకుంటున్నాడు. రోజూ చేసే పనిని ఫోనులో తీసి యూట్యూబులో పెడతాడు. ఈ వ్యాసం రాయడానికి అతను ఒప్పుకున్నాడు. పేరు మాత్రం రాయను.

మరుసటి ఆదివారం నేను మత్తయి 6వ అధ్యాయం తీసి, మనుషులకు కనబడాలని పనులు చేసేవారి గురించి ముప్పావుగంట ప్రసంగించాను. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకపోయింది. మందిరంలో ప్రతి తలా అతని వైపే తిరిగింది. అతను తల వంచుకొని పాటల పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. ఆ పూట మంచి ప్రసంగం చేశానన్న తృప్తితో నేను ఇంటికి పోయి అన్నం తిన్నాను. దేవుడు నన్ను క్షమించును గాక.

ఆ ప్రసంగాన్ని ఈరోజు వెనక్కి తీసుకుంటున్నాను. అందరి ముందు చెప్పిన మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా.

నా కళ్లు మొదట తెరిపించింది కువైట్‌లో ఇంటిపనికి పోయిన మన సహోదరి ఒకామె. శుక్రవారం ఆరాధన అయ్యాక వాట్సాప్‌లో వాయిస్ పెట్టింది. "అయ్యగారూ, ఆ తమ్ముని వీడియోలు ఆపించొద్దు. వాళ్ల చేను పక్కనే మా నాయన చేను. వాడు గట్టు మీద నడుస్తా తీస్తాడు కదా, ఒక మలుపులో మా చింతచెట్టు కనపడతాది. నాలుగేండ్లయ్య నేను ఊరికొచ్చి. ఆ చెట్టు కోసం చూస్తా." ఇంతే చెప్పింది. నా ముప్పావుగంట ప్రసంగంలో ఆ చింతచెట్టుకు చోటు లేకుండా పోయింది.

ప్రియులారా, మత్తయి 6లో ప్రభువు దేని గురించి మాట్లాడాడో మళ్లీ చదవండి. ధర్మం చేయడం, ప్రార్థన చేయడం, ఉపవాసముండడం. భక్తిని ప్రదర్శనకు పెట్టేవారిని ఆయన గద్దించాడు. దున్నేవాణ్ణి, కలుపు తీసేదాన్ని, గొర్రెలు కాసేవాణ్ణి ఆ మాటతో ఎక్కడా కొట్టలేదు. పైగా మత్తయి 13లో విత్తువాణ్ణి జనసమూహం కళ్ల ముందు నిలబెట్టింది ఆయనే. దారి పక్కన పడిన గింజ, రాతినేల మీద పడిన గింజ, ముండ్లపొదల్లో పడిన గింజ, అన్నీ చూపించాడు. గింజల్లో చాలాభాగం దండగ అయిన సంగతి కూడా దాచలేదు. ఒక రైతు రోజుపనిని అంత వివరంగా చూపించిన ప్రభువు పేరు చెప్పుకొని నేను ఒక రైతు నోరు మూయించబోయాను.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. నేను మత్తయి 6 చెబుతున్నప్పుడు నా ఎదురుగా స్టాండు మీద ఒక ఫోను ఉంది. మన ఆరాధన లైవ్ పోతోంది. చివర్లో అలవాటు ప్రకారం "లైక్ చేయండి, పదిమందికి షేర్ చేయండి" అని కూడా చెప్పాను. కనబడాలని చేసే భక్తి గురించి ప్రభువు చెప్పిన మాట ఆ మందిరంలో ముందుగా ఎవరికి వర్తిస్తుందో మీరే చెప్పండి.

"అయినా రైతు పనిలో చూసేదేముంది అయ్యగారూ, సెల్లుతో పిల్లోళ్లు పాడైపోతాండారు" అంటారు కొందరు. యెషయా 28వ అధ్యాయం చివరి వచనాలు చూడండి. రైతు ఎప్పుడూ దున్నుతూనే ఉండడనీ, నేల చదును చేశాక ఏ విత్తనం ఎక్కడ వేయాలో అక్కడ వేస్తాడనీ ప్రవక్త చెబుతాడు. జీలకర్రను బండిచక్రం కింద నలగ్గొట్టరనీ, కర్రతో దులుపుతారనీ చెబుతాడు. ఈ విద్య రైతుకు నేర్పింది దేవుడే అంటాడు. మనవాళ్లకు ఇది వింతగా ఉండదు. బుడ్డల్ని ఎప్పుడు పెరకాలో, పెరికాక ఎన్నాళ్లు ఆరబెట్టాలో, చీనీ చెట్టును ఎన్నాళ్లు వాడగొట్టి తర్వాత తడి ఇస్తే పూత వస్తుందో మన అవ్వలకు, తాతలకు తెలుసు. పుస్తకంలో లేని ఆ విద్య మనిషి పోతే మనిషితోపాటు మట్టిలోకి పోతోంది. దాన్ని ఒకడు ఫోనులో దాచిపెట్టి నలుగురికి చూపిస్తే, దేవుడు నేర్పిన పాఠాన్ని దాచిపెట్టినట్టే.

అసలు మన ఊరి పేరు బయటివాళ్లకు ఎలా తెలుసు? వేముల మండలం తుమ్మలపల్లె అంటే యురేనియం గని. పేపర్లో మన పేరు పడితే దానికోసమే పడుతుంది. నేల కింద ఏముందో దేశమంతటికీ తెలుసు. నేల పైన ఎవరు ఏం పండిస్తున్నారో అడిగినవాళ్లు తక్కువ. ఆ తక్కువను ఒక పిల్లోడు తన ఫోనుతో కొంచెం పూడుస్తుంటే సంఘం పేరు పోతుందని మనం భయపడ్డాం.

మన తెలుగు నేల మీద ఇది నిన్న మొన్న పుట్టిన పిచ్చి కూడా కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉంది. అక్కడి మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. చాలామంది బడికి పోనివాళ్లు. జొన్నలు, కొర్రలు, కందులు కలిపి పండించే చిన్న రైతులు. వాళ్లలో కొందరు 1990ల చివరికే వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2001లో సొంతంగా కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు, వరంగల్ జిల్లాలో ఆ విత్తనం వేసిన రైతుల వెంట పంటకాలమంతా తిరిగారు. రైతులు చెప్పింది చెప్పినట్టు తీసి మరుసటి ఏడాది లోకానికి చూపించారు. 2008లో సంఘం రేడియో కూడా మొదలుపెట్టారు. యూట్యూబు ఇంకా పుట్టని రోజుల్లోనే, కొడవలి పట్టిన చేతులు కెమెరా పట్టాయి.

ఆ అమ్మల దగ్గర నేను నేర్చుకున్న మాట ఒకటుంది. ఈ వ్యాసం మొత్తానికి ఆ మాటే గుంజ. పైనుంచి కిందికి చూస్తూ తీసేదానికి వాళ్లు "పటేల్ షాట్" అని పేరు పెట్టుకున్నారు. ఎత్తున కూర్చున్న దొర కింద నిలబడ్డ కూలిని చూసే చూపు అది. ఎదురెదురుగా, కళ్లకు కళ్లు సమానంగా ఉండేట్టు తీసేదానికి "సంఘం షాట్" అన్నారు. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి.

సంఘం! వాళ్లు ఆడవాళ్ల గుంపును ఆ మాటతో పిలుచుకున్నారు. మనం క్రీస్తు శరీరాన్ని అదే మాటతో పిలుచుకుంటాం. మనం కూడా చాపల మీద ఒకే ఎత్తులో కూర్చుంటాం. మరి ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడు మన చూపు ఏ ఎత్తులో ఉంది?

ఇక్కడినుంచి నా మాట వీడియోలు తీసేవాళ్ల గురించి కాదు. చూసే మన గురించి.

ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆ పిల్లోడు చీనీ తోటలో బోరు వేయిస్తూ లైవ్ పెట్టాడు. ఉన్న బోరు ఎండిపోయింది. చెట్లు ఆకు ముడుస్తున్నాయి. తల్లి మెడలోది కుదువ పెట్టి బోరుబండిని పిలిపించాడు. నేను మిద్దె మీద మంచం వేసుకొని పడుకొని చూస్తున్నాను. 300 అడుగులు, 450 అడుగులు, తెల్లటి దుమ్ము లేస్తూనే ఉంది. 600 దగ్గర కొంచెం తేమ కనబడితే నేనూ లేచి కూర్చున్నాను. 750 దాకా పోయి ఆపేశారు. ఒక ఇంచు నీళ్లు కూడా పడలేదు. బండివాళ్లు రాడ్లు పైకి లాగుతుంటే అతను ఫోను నేల మీద పెట్టేసినట్టున్నాడు, తెర మీద ఆకాశం ఒక్కటే కనబడింది. రెండు వందలమందికి పైగా చూస్తున్నారు. "ధైర్యంగా ఉండు అన్నా" అని ఒకరు, "రైతే రాజు" అని ఒకరు, "దేవుడున్నాడు" అని ఒకరు. నేను రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, ఫోను దిండు కింద పెట్టుకొని పడుకున్నాను.

అతని తోట నా మంచానికి రెండు కిలోమీటర్లు.

కువైట్ సహోదరి మాట విన్న తర్వాత, నేను ఆ ప్రసంగం చేసిన పదిరోజులకు, సిగ్గుతో ఆ తోటకు పోయాను. అతను కోపపడలేదు. డ్రిప్పు పైపు సరిచేసుకుంటూనే మాట్లాడాడు. నేను క్షమాపణ అడిగితే, "ప్రసంగం సంగతి వదిలేయండి అయ్యగారూ" అన్నాడు. కొంచెంసేపు ఆగి, "బోరు ఏసిన రాత్రి మీ బొమ్మ వచ్చింది. అయ్యగారు మేలుకొనే ఉండారని తెలిసింది. బండేసుకొని వస్తారేమోనని దారి దిక్కు చూస్తా కూర్చుంటి" అన్నాడు.

ప్రియులారా, ఆ మాట విన్నప్పటి నుంచి లూకా 10వ అధ్యాయం నాకు మరోలా వినబడుతోంది. యెరికో దారిలో దొంగల చేతికి చిక్కిన మనిషి కథ మనకు కంఠతా వచ్చు. యాజకుడు, లేవీయుడు జాలిలేనివాళ్లని చెప్పుకుంటూ పోతాం. కానీ ఒక్కసారి గమనించండి. యాజకుడు చూశాడు. లేవీయుడూ చూశాడు. సమరయుడూ చూశాడు. ముగ్గురి కళ్లకూ ఒకే దృశ్యం పడింది. చూడడంలో ముగ్గురూ సమానమే. సమరయుడు దగ్గరికి పోయాడు. నూనె, ద్రాక్షారసం, గుడ్డపీలికలు, తన వాహనం, తన డబ్బు, తన రాత్రి, అన్నీ ఆ దగ్గరికి పోవడం తర్వాతే వచ్చాయి.

యాజకుని చేతిలో ఫోను ఉండుంటే ఏం చేసేవాడు? చేతులు జోడించిన బొమ్మ పెట్టేవాడు. నాకు తెలుసు, నేను పెట్టాను.

మనకిప్పుడు వచ్చిన రోగం ఇదే. ఒకప్పుడు "నాకు తెలియదు" అనేవాళ్లం. ఇప్పుడు అన్నీ తెలుసు. పక్క ఊరి టమోటా రోడ్డు మీద పారబోసిన సంగతి తెలుసు, ఎవరి అరటి గెలలు గాలికి పడిపోయాయో తెలుసు. చూసినందుకే ఏదో చేసినట్టు మనసు చల్లబడుతోంది. యాకోబు 2వ అధ్యాయంలో, బట్టలేక అన్నంలేక ఉన్న సహోదరునితో చల్లగా పోయి కడుపునిండా తినమని చెప్పి చేతిలో ఏమీ పెట్టనివాని గురించి రాసి ఉంది. "రైతే రాజు" అన్న మన కామెంటు ఆ కోవలోదే. రాజు అన్న నోటితోనే పులివెందుల రోడ్డు పక్కన టమోటా గంప పెట్టుకున్న అవ్వతో అయిదు రూపాయల కోసం బేరమాడతాం. చీనీ తోట వీడియోకు "అద్భుతం" అని రాసినవాడు, మండీలో టన్నుకు సూటు పేరుతో రైతు దగ్గర ఊరికే తీసుకునే కాయ గురించి ఒక్కనాడూ నోరు విప్పడు.

"చూడడంవల్ల మేలు జరగలేదా అయ్యగారూ" అని అడుగుతారు. జరిగింది. 2020 జులైలో మన సీమలోనే, చిత్తూరు జిల్లాలో, ఇద్దరు ఆడపిల్లలు కాడెద్దుల చోట నిలబడి మడక లాగుతున్న వీడియో దేశమంతా తిరిగింది. నటుడు సోనూ సూద్ అది చూసి మొదట ఎద్దులు ఇస్తానన్నాడు, తర్వాత ట్రాక్టరే పంపించాడు. ఆ ట్రాక్టరు ఆ చేనికి చేరింది. దేవునికి స్తోత్రం. ఎక్కడో ఉన్న ఒక మనిషి చూశాడు, దగ్గరికి వచ్చాడు. కానీ ఆ తర్వాత మిగతా మనం చేసిందేమిటి? ఆ కుటుంబం నిజంగా పేదదేనా, ట్రాక్టరుకు తగినవాళ్లేనా అని రోజుల తరబడి వాదులాడాం. ట్రాక్టరు ఇవ్వనివాళ్లమంతా కలిసి దాన్ని అందుకున్నవాళ్లకు పరీక్ష పెట్టాం. పటేల్ చూపు అంటే అదే. కింద ఉన్నవాడు తన కష్టం నిజమని మన ముందు రుజువు చేసుకోవాలి. అరుగు దిగకుండా మనం తీర్పు చెబుతాం.

మరి సంఘం చూపు ఎలా ఉంటుంది? పల్లెల్లో రైతుల చేతనే చిన్న వీడియోలు తీయించి, మహిళా సంఘాల్లో చిన్న ప్రొజెక్టరుతో గోడమీద చూపించే పని డిజిటల్ గ్రీన్ అనే సంస్థ 2008 నుంచి చేస్తోంది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా చేసింది. ఆ పద్ధతిలో వీడియో ఊరికే ఆడించి పోరు. మధ్యలో ఆపుతారు, అడుగుతారు, మాట్లాడుకుంటారు, తర్వాత చేనికి పోయి చూస్తారు. వీడియో చూసిన రైతులు మొట్టమొదట అడిగే ప్రశ్న, ఆ కనబడే రైతు పేరేమిటి, ఏ ఊరు అన్నదట. ఎరువు ఎంత, ఖర్చు ఎంత అన్నది తర్వాత. పేరు, ఊరు. మన అవ్వలు కొత్త మనిషి కనబడితే అడిగే ప్రశ్నే అది. "ఏ ఊరు నాయనా? ఎవరి పిల్లోనివి?"

బోయజు కూడా అదే అడిగాడు. రూతు 2వ అధ్యాయం చూడండి. ఆయన బేత్లెహేము నుంచి చేనికి వచ్చాడు. కోతవాళ్లను దేవుని పేరుతో పలకరించాడు. పరిగె ఏరుకుంటున్న పిల్లను చూసి ఆమె ఎవరని అడిగాడు. తర్వాత ఆమెతోనే మాట్లాడాడు, తాగే నీళ్లు ఎక్కడున్నాయో చెప్పాడు, తనతోపాటు కూర్చోబెట్టి వేయించిన పేలాలు పెట్టాడు. ఊళ్లో కూర్చొని కోత బాగా జరుగుతోందని విని సంతోషించి ఉంటే రూతు కథ ఆ చేలోనే ఆగిపోయేది.

రూతు పేరు వచ్చింది కాబట్టి వీడియోలు తీసే మన యౌవనస్థులకూ రెండు మాటలు.

మొదటిది. మీ వీడియోలో రైతు అంటే ఫోను పట్టుకున్నవాడే. వెనకాల పది మంది ఆడవాళ్లు వంగి కలుపు తీస్తుంటారు. వాళ్ల వీపులు కనబడతాయి, ముఖాలు కనబడవు, పేర్లు వినబడవు. ఆ వీపుల్లో సగం మన సంఘానివే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో కూలికి పోయిన గంగవ్వ 'మై విలేజ్ షో'లో కనబడి, 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. ఆమెలాంటి మాటకారులు మన కలుపు గుంపుల్లో ఎంతమంది లేరు? వాళ్లు ఒప్పుకుంటేనే తీయండి. తీస్తే పేరు చెప్పి, ముఖం చూపించి తీయండి. సాయంత్రం పొద్దు గూకకముందే కూలి చేతిలో పెట్టండి. ద్వితీయోపదేశకాండము 24 ఆ మాటే ఆజ్ఞాపిస్తోంది. చేలు కోసినవారి కూలి ఆపితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు 5లో ఉంది. ఆ మొర దేవుని చెవిని చేరడానికి నెట్‌వర్కు అక్కర్లేదు.

రెండవది. ఎకరాకు ఇన్ని లక్షలు అని పెద్ద అక్షరాలతో పెట్టే వీడియోల జోలికి పోవద్దు. అలాంటి ఒక వీడియో చూసి మన చుట్టుపక్కల ఎవరో ఒకరు అప్పు తెచ్చి కొత్త పంట వేస్తారు. వచ్చిన లాభం చూపించి, పెట్టిన ఖర్చు, పోయిన పంట దాచిపెడితే అది పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యంతో సమానం. ఎండిన బోరును దాచకుండా చూపించినందుకే మన పిల్లోణ్ణి నేను ఇప్పుడు గౌరవిస్తున్నాను. మన మందిరంలో సాక్ష్యాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. రోగం తగ్గినవాడు, వీసా వచ్చినవాడు, ఉద్యోగం దొరికినవాడు నిలబడి చెబుతాడు. బోరు ఎండినవాణ్ణి సాక్ష్యం చెప్పమని నేను ఒక్క ఆదివారం కూడా పిలవలేదు. మందిరంలో చెప్పుకోవడానికి చోటులేక అతను ఆ మాటను ఫోనుకు చెప్పుకున్నాడు. ఇంటి గుట్టు బజార్లో పెట్టాడని నిందించే ముందు, ఆ గుట్టు చెప్పుకోవడానికి సంఘంలో ఏ గది తెరిచి ఉంచామో ఆలోచించండి.

"మేం బెంగళూరులో ఉన్నాం, కువైట్‌లో ఉన్నాం, దగ్గరికి ఎలా పోతాం అయ్యగారూ" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దగ్గరికి పోవడమంటే కాళ్లతో పోవడం ఒక్కటే కాదు. ఆ తల్లికి ఒక ఫోను చేయొచ్చు. ఊర్లో ఉన్న మీ అన్నకు చెప్పి పంపొచ్చు. మీ నాయన బోరులో నీళ్లుంటే పక్క తోటకు ఒక తడి ఇవ్వమని అడగొచ్చు. చింతచెట్టు కోసం చూసే ఆ సహోదరి నెలకొకసారి ఆ పిల్లోని తల్లితో మాట్లాడుతోంది. చెట్టును చూస్తూ చూస్తూ చెట్టు పక్కనున్న మనిషి దాకా వచ్చింది. నేనేమో రెండు కిలోమీటర్ల దూరంలో ఉండి రాలేకపోయాను. కాబట్టి దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టొద్దు.

తడి మాట ఎందుకు ఎత్తానో ఊర్లోవాళ్లకు తెలుసు. పిల్లోని తోటకు ఆనుకొని ఉన్న చేలో ఒక బోరు ఉంది. రెండించుల నీళ్లు పోస్తోంది. అది వేపచెట్టు కింద నాతో మాట్లాడిన పెద్దాయనది. ఎనిమిది రోజులకొక తడి ఆ చీనీ చెట్లకు ఇస్తే వానల దాకా బతుకుతాయని నేను పోయి అడిగాను. ఆయనకూ అరటి తోట ఉంది. రెండించులు రెండు తోటలకు చాలవని ఆయన భయం, అది అబద్ధం కాదు. ఇంకా ఏమీ చెప్పలేదు. ఈ వ్యాసం ఆయన మనవరాలు చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను. నిందించడానికి కాదు. తప్పు పట్టాల్సి వస్తే మంచం దిగనివాడు నేనే ముందు. అయినా మళ్లీ అడుగుతున్నాను అన్నా, ఒక్క తడి.

చివరిగా మన కోత పండుగ సంగతి. ప్రతి ఏడూ గుమ్మడికాయలు, అరటి గెలలు, బుడ్డల మూటలు మందిరంలో పేర్చి వేలం పాడతాం. సంతోషమే. కానీ ఆ ఆదివారం ఎవరు రారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పంట పోయినవాళ్లు రారు. చేతిలో ఏమీ లేకుండా గడప తొక్కడానికి సిగ్గుపడి, తలనొప్పి అని ఇంట్లో పడుకుంటారు. ఈసారి కోత పండుగకు ముందురోజు, శనివారం, మనం గుంపులుగా ఆ చేలకు పోదాం. ఎండిన తోటలో చాప వేసుకొని ప్రార్థన చేద్దాం. ఆ నేలనుంచి ఎండుకొమ్మ ఒకటి తెచ్చి, మరుసటి రోజు గెలల పక్కన పెడదాం. దాన్ని కూడా వేలం పాడదాం. ఆ డబ్బు ఎవరికి పోవాలో మీకు చెప్పాల్సిన పని లేదు. ఆ శనివారం ఎవరూ ఫోను తేవద్దని నేను చెప్పను. తెచ్చుకోండి, తీయండి, పెట్టండి. మీ కాళ్లకు కూడా మట్టి అంటనివ్వండి.

నిర్గమకాండము 3వ అధ్యాయంలో దేవుడు మోషేతో ఏం చెప్పాడో గుర్తు చేసుకోండి. తన జనుల బాధ చూశానన్నాడు. మొర విన్నానన్నాడు. అక్కడితో ఆగలేదు. దిగి వచ్చానన్నాడు. మన దేవుడు చూసి దిగివచ్చే దేవుడు. పరలోకం నుంచి చూస్తూ చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఉంటే బేత్లెహేము ఉండేది కాదు, సిలువ ఉండేది కాదు, మనమూ ఉండేవాళ్లం కాదు.

కాబట్టి చూడండి ప్రియులారా, ఆ వీడియోలు మానొద్దు. చూసిన ప్రతిసారీ పేరేమిటి, ఏ ఊరు అని అడగండి. అడిగాక లేవండి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మా కళ్లను అరుగు మీదనుంచి దించు. మేం చూసినవాళ్ల దగ్గరికి మమ్మల్ని నడిపించు. రాత్రివేళ దారి దిక్కు చూస్తూ కూర్చున్నవాళ్లకు మా బండి శబ్దం వినబడేట్టు చెయ్యి. సీమకు వాన దయచెయ్యి. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ. ఆమెన్.

మీ ప్రార్థనలు కోరుతూ,
మీ కాపరి, తుమ్మలపల్లె